రబ్బింగా, డీఏ పాలిషా, కోటింగా: డెల్టా కార్ల మీది గీతలకు ఏది సరిపోతుంది?

సంక్రాంతి దగ్గర పడేసరికి రాజమండ్రి నుంచి నరసాపురం దాకా కారు షెడ్లలో ఒకటే మాట. "మెషిన్ రబ్బింగ్ కొట్టించెయ్యండి గురువుగారూ, కొత్త బండి అయిపోద్ది." అవుతుంది కూడా. షెడ్డు బయటికి వచ్చిన రోజు బోనెట్‌లో మన మొహం కనిపిస్తుంది. నాలుగు వాష్‌లు అయ్యేసరికి పాత గీతలు పైకి తేలతాయి, వాటికి తోడు మెషిన్ తిరిగిన చారలు కొత్తగా చేరతాయి. ఏ షెడ్డుకు వెళ్లాలన్నది తర్వాతి సంగతి. పెయింట్‌లోంచి ఎంత మందం తీయనివ్వాలో ముందు తేల్చుకోవాలి.

కంపెనీ నుంచి వచ్చే కారుకు పెయింట్ మందం మొత్తం కలిపి మామూలుగా 100 నుంచి 140 మైక్రాన్లు. తల వెంట్రుక ఒక్కటే 70 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది. అంత పలచటి మందంలోనే రేకుకు తుప్పు పట్టకుండా కాపాడే పొర, దాని మీద ప్రైమర్, ఆ పైన రంగు, అన్నిటికీ పైన రంగు లేని క్లియర్ కోట్ ఉండాలి. క్లియర్ వాటాకు వచ్చేది 35 నుంచి 50 మైక్రాన్లు. కారు మెరుపంతా దీనిదే, ఎండకు రంగు వెలిసిపోకుండా ఆపేదీ ఇదే. ఎండలో సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సాలెగూడులా కనిపించే స్విర్ల్ మార్క్స్ కూడా ఈ క్లియర్ పైభాగంలోనే ఉంటాయి.

మెషిన్ పాలిష్ ఈ గీతలను పూడ్చదు. గీత అడుగుదాకా దాని చుట్టూ ఉన్న క్లియర్‌ను అరగదీసి సమం చేస్తుంది. తేలికపాటి పాలిష్‌తో ఒకటి రెండు మైక్రాన్లు పోతాయి. గట్టి కాంపౌండ్ (గరుకు రకం పాలిష్) వేసి ఊలు ప్యాడ్‌తో లాగిస్తే నాలుగైదు పోవచ్చు. మొత్తం మీద 7, 8 మైక్రాన్లకు మించి తీయకూడదన్నది పని తెలిసినవాళ్లు పాటించే లెక్క. ఏటా పండక్కి రబ్బింగ్ చేయించే కారు ఆ లెక్కను రెండో మూడో సంక్రాంతికే దాటేస్తుంది.

మన దగ్గర గీతలు ఎక్కడివి

ఇది తెలియకుండా ఎంపిక చేసుకుంటే పెట్టిన డబ్బు కాలువలో పోసినట్టే. డెల్టాలో కారు మీద పడే దుమ్ము మెత్తగా కనిపిస్తుంది కానీ మెత్తనిది కాదు. గోదావరి ర్యాంపుల నుంచి ఇసుక లారీలు తిరిగే రోడ్ల మీద పడేది ఇసుక దుమ్ము. అందులోని క్వార్ట్జ్ గట్టిదనం మోస్ కొలమానంలో 7, అంటే మామూలు చాకు ఉక్కు కంటే ఎక్కువ. మండపేట, తణుకు, తాడేపల్లిగూడెం లాంటి రైస్ మిల్లుల ఊళ్లలో దీనికి ఊక బూడిద తోడవుతుంది. పొద్దున్నే కారు మీద నల్లగా, పలచగా పరుచుకునే ఆ బూడిదలో అత్యధిక భాగం సిలికా. డ్రైవరు దాన్ని పొడి గుడ్డతో ఒక్క ఊపున తుడిచేస్తాడు. స్విర్ల్ మార్క్స్‌లో సగానికి పైగా అలా తుడిచినప్పుడు పడేవే అంటాను.

కాలువ గట్టు మీద కారు కడగడం ఇంకో అలవాటు. కాలువ నీళ్లలో ఒండ్రు ఉంటుంది. గుడ్డ ముంచిన ప్రతిసారీ ఒండ్రును కూడా తెచ్చి కారు మీద రుద్దుతున్నాం. వేసవిలో కాలువలు కట్టేశాక బోరు నీళ్లకు మారతాం. భీమవరం, నరసాపురం, రాజోలు వైపు బోరు నీళ్లలో ఉప్పదనం ఎక్కువ, ఎండలో ఆరితే తెల్లటి చుక్కలు దిగుతాయి. ఇక కారు కవర్. కప్పితే మంచిదేగా అనుకుంటాం. దుమ్ము పడిన కారు మీద కవర్ కప్పి, కాకినాడ, అంతర్వేది లాంటి గాలి వీచే చోట రాత్రంతా వదిలేస్తే, తెల్లారేసరికి ఆ కవరే పెయింట్‌ను ఉప్పు కాగితం పెట్టి తోమేసి ఉంటుంది.

వరికోతల రోజుల్లో రెండు పక్కలా గడ్డి వేలాడుతూ వచ్చే ట్రాక్టరుకు దారి ఇస్తే డోర్ల మీద పొడుగాటి అడ్డగీతలు పడతాయి. ఇరుకు గట్టు మీద తుమ్మ కొమ్మలు చేసే పనీ ఇలాంటిదే. ఇవి స్విర్ల్స్ కంటే లోతు. వీటిలో కొన్ని పాలిష్‌కు పోతాయి, కొన్ని పోవు.

ఏది పోతుందో ఇంట్లోనే చూసుకోవచ్చు. కారు బాగా కడిగి, గీతకు అడ్డంగా గోరు లాగండి. గోరు తట్టుకుంటే అది పాలిష్‌తో తీయాల్సిన గీత కాదు. అంచులు మెత్తబరిచి కనిపించకుండా చేయొచ్చు గానీ పూర్తిగా తీసే ప్రయత్నం వద్దు. గోరు తట్టకపోతే దాని మీద నీళ్లు పొయ్యండి. తడిలో గీత మాయమై, ఆరగానే మళ్లీ కనిపిస్తే అది క్లియర్‌లోనే ఉన్నట్టు. తడిలోనూ తెల్లగానో నల్లగానో కనిపిస్తుంటే క్లియర్ దాటేసిందన్నమాట. దానికి టచప్ బ్రష్షో, పెయింటింగ్ షెడ్డో తప్పదు.

చేత్తో పాలిష్, గ్లేజ్

తక్కువ ఖర్చు, తక్కువ ఫలితం. డోర్ హ్యాండిల్ కింద గోళ్ల గీతలకు, ఒకటి రెండు చోట్ల పడిన చిన్న గీకుళ్లకు చేత్తో పని చాలు. కారు మొత్తం చేత్తో చేస్తే భుజాలు పడిపోతాయి, గీతలు సగం కూడా పోవు. గ్లేజ్ అనేది వేరే రకం. అందులోని నూనెలు గీతల్లో నిండి కనిపించకుండా చేస్తాయి, అంతే. కారు అమ్మకానికి పెట్టినవాళ్లకు, పెళ్లి కారుగా పంపేవాళ్లకు అది చాలు. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది కూడా ఇదే: అద్దంలా మెరిసే పాత నల్ల కారును రెండు వాష్‌ల తర్వాత చూసి బేరమాడాలి. అది కుదరదు కాబట్టి ఒక మూల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఆ నూనె పోయేలా తుడిచి ఎండలో చూడండి.

రోటరీ

మన షెడ్లలో "రబ్బింగ్ మెషిన్" అంటే ఇదే. ప్యాడ్ ఒకే ఇరుసు మీద గుండ్రంగా తిరుగుతుంది, నొక్కినా ఆగదు. దీని కోత వేగానికి సాటి లేదు. పాత పెయింటు, కొత్తగా పెయింట్ వేసిన డోర్ మీద పడిన దుమ్ము గింజలు, నీటి చుక్కలు తిన్న గట్టి మచ్చలు, ఇలాంటి మొండి పనులకు అనుభవం ఉన్న చేతిలో రోటరీయే మేలు.

అనుభవం లేని చేతిలో ఇదే మెషిన్ రెండు రకాల నష్టం చేస్తుంది. మొదటిది వేడి. కోత అంతా ఒకే చోట పడుతుంది కాబట్టి క్షణాల్లో పెయింట్ వేడెక్కుతుంది. బోనెట్ మీది మడత గీతలు, డోర్ అంచుల దగ్గర పెయింట్ అసలే పలచగా ఉంటుంది, అక్కడ మెషిన్ ఒక్క క్షణం ఆగినా క్లియర్ పోయి రంగు బయటపడుతుంది. ప్లాస్టిక్ బంపర్లు, కింద పుట్టీ పెట్టిన చోట్లు వేడిని వదలవు కాబట్టి ఇంకా తొందరగా కాలిపోతాయి. రెండోది హోలోగ్రామ్. ఊలు ప్యాడ్ పోయిన దారి పొడుగునా వంకరలు తిరిగిన నీడల్లాంటి చారలు మిగులుతాయి. షెడ్డులోని ట్యూబ్‌లైటు కింద ఇవి అస్సలు కనిపించవు. మర్నాడు పొద్దున్న పదింటికి వీధిలో పెట్టి, ఒక పక్కనుంచి చూడండి, బోనెట్ నిండా అవే. రోటరీ తర్వాత మెత్తటి ప్యాడ్‌తో, మెత్తటి పాలిష్‌తో రెండో విడత తప్పకుండా చేయాలి. మన దగ్గర ఎగ్గొట్టేది సరిగ్గా ఆ రెండో విడతనే. దాని బదులు నూనె ఎక్కువున్న క్రీమ్ పూసి, చీకటి పడ్డాక తాళాలు చేతికిస్తారు.

డీఏ

డ్యూయల్ యాక్షన్, పలకడానికి డీఏ. ఇందులో ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూనే పక్కకు కూడా ఊగుతుంది. ఆ ఊపు 8, 15, 21 మిల్లీమీటర్లలో దొరుకుతుంది. కోత ఒక దారిలో సాగదు కాబట్టి వేడి తక్కువ, హోలోగ్రామ్ దాదాపు ఉండదు. గట్టిగా నొక్కితే ప్యాడ్ తిరగడం ఆపేసి ఊరికే వణుకుతుంది. నేర్చుకునేవాళ్లకు అదే రక్ష, పని తెలిసినవాళ్లకు అదే విసుగు. గేర్‌తో బలవంతంగా తిరిగే డీఏలూ ఉన్నాయి, వాటికి కోత ఎక్కువ, వేడీ ఎక్కువే. మొదటి మెషిన్‌గా అవి వద్దు.

ఎంత ఊపు ఉన్నది కొనాలి? ఆల్టో, స్విఫ్ట్ లాంటి చిన్న, వంపుల కార్లకు 5 అంగుళాల ప్లేటుతో (ప్యాడ్ అంటించే చక్రం) 15 మిల్లీమీటర్లది సుఖం, అద్దాల పక్కనుండే సన్నటి స్తంభాల దగ్గరికి 3 అంగుళాల ప్లేటు కావాలి. ఇన్నోవా లాంటి వెడల్పు కారుకు 21 మిల్లీమీటర్లది పని తొందరగా తెముల్చుతుంది కానీ వంపుల మీద ఊరికే ఆగిపోతుంది. ఒక్కటే కొనగలిగితే 15.

డీఏతో సగం బోనెట్ చేయడం ఎలా ఉంటుందో చెప్తాను. ఎందుకంటే షెడ్డులో మీ కారు మీద జరిగేది ఇదేనా కాదా అని పోల్చుకోవడానికి పనికొస్తుంది. కారు కడిగాక ముందు క్లే బార్ (పెయింట్‌కు అతుక్కున్న మురికిని లాగే బంకమట్టి లాంటి ముద్ద) తడి తడిగా పాకిస్తారు. చేత్తో తడిమితే ఇంకా గరగరలాడే చోటుంటే మెషిన్ ముట్టకూడదు. నల్ల ప్లాస్టిక్ పట్టీలకు, పదునైన మడతలకు మాస్కింగ్ టేపు. ప్లేటు అంచున మార్కర్‌తో ఒక నిలువు గీత గీస్తారు, ప్యాడ్ నిజంగా తిరుగుతోందో ఊరికే వణుకుతోందో ఆ గీతే చెప్తుంది. ప్యాడ్ మీద వేరుశనగ గింజంత చుక్కలు నాలుగు వేసి, మెషిన్ ఆన్ చేయకముందే రెండడుగుల చదరంలో అద్దుతారు. తక్కువ స్పీడులో ఒకసారి పరిచి, ఆ తర్వాత డయల్ నాలుగు, అయిదు మీద పెట్టి, ఒక వరస మీద సగం ఎక్కేలా ఇంకో వరస, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. చెయ్యి కదిలే వేగం సెకనుకు అంగుళం. చూసేవాడికి నిద్ర వస్తుంది. ఎవరైనా తివాచీ ఊడ్చినట్టు చకచకా లాగుతుంటే అక్కడ గీతలు పోవడం లేదు, పాలిష్ మాత్రం ఖర్చవుతోంది. అలా నాలుగైదు సార్లు తిప్పాక మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, టార్చి వేసి చూస్తారు. ఆ మొదటి చదరమే పరీక్ష. అక్కడ మెత్తటి జోడీ, అంటే ఫినిషింగ్ ఫోమ్ ప్యాడ్, మెత్తటి పాలిష్ పెట్టి చూస్తారు. చాలకపోతేనే మీడియం, అదీ చాలకపోతేనే కట్టింగ్ ప్యాడ్. కింది నుంచి పైకి వెళ్లాలి తప్ప పై నుంచి మొదలుపెట్టకూడదు.

ఏప్రిల్, మే ఎండల్లో షెడ్డు కిందైనా రేకు చేత్తో ముట్టుకోలేనంత వేడిగా ఉంటే పాలిష్ తొందరగా ఎండిపోయి దుమ్ము రేగుతుంది. పొద్దున్నే చేయించుకోండి, కారును కనీసం గంట ముందు నీడలో పెట్టండి.

ఒకే విడతా, మూడు విడతలా?

డిటైలింగ్ స్టూడియోలు "పెయింట్ కరెక్షన్" పేరుతో కాంపౌండు, పాలిషు, ఫినిషింగు అని మూడు దశలు చెప్తాయి. ఫలితం అద్భుతంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. నల్ల రంగు సెడాన్, గ్యారేజీలో ఉండేది, యజమానే కడుక్కునేది అయితే నిరభ్యంతరంగా చేయించుకోవచ్చు. రోజూ రావులపాలెం నుంచి అమలాపురం తిరిగే తెల్ల కారుకు మూడు విడతలంటే అనవసరంగా క్లియర్ తగలేసుకోవడం. తెలుపు, వెండి రంగుల మీద స్విర్ల్స్ పది అడుగుల నుంచి కనిపించనే కనిపించవు. ఒక్క విడత డీఏ, మీడియం పాలిష్‌తో నూటికి అరవై డెబ్బై గీతలు పోతే చాలు. మిగిలిన వాటి కోసం వెంటపడితే ప్రతి గీతకూ ఇంకో మైక్రాన్ చెల్లించాలి. డెల్టా రోడ్ల మీద తిరిగే మామూలు కుటుంబం కారుకు నా ఓటు ఎప్పుడూ ఒకే విడతకే.

రెండు కార్ల విషయంలో మాత్రం ముందే ఆగండి. ఒకటి పాత మారుతి 800, అంబాసిడర్ లాంటివి. వీటిలో చాలావాటికి క్లియర్ వేరుగా ఉండదు, రంగే పై పొర. కనిపించని మూల కాస్త పాలిష్ పెట్టి తెల్ల గుడ్డతో రుద్దితే గుడ్డకు కారు రంగు అంటుకుంటుంది. అలాంటిదానికి మెత్తటి పాలిష్ చాలు, మెరుపు బ్రహ్మాండంగా తిరిగొస్తుంది. రెండోది యాక్సిడెంటై తిరిగి పెయింట్ వేసిన కారు. ఆ ప్యానెల్ మీద మందం 200 మైక్రాన్లు దాటి ఉండొచ్చు. మందం ఉంది కదా అని ధైర్యం చేయకండి, అది ఏ పొర మందమో మందం కొలిచే గేజి చెప్పదు. పుట్టీయే ఎక్కువ కావచ్చు.

కోటింగ్ వేయిస్తే గీతలు పోతాయా

పోవు. సిరామిక్ కోటింగ్ పారదర్శకంగా ఉండే అతి పలచటి పొర. కింద గీతలుంటే వాటిని అలాగే భద్రంగా ఉంచేస్తుంది. ముందు పాలిష్, తర్వాతే కోటింగ్. "9హెచ్ గట్టిదనం, గీత పడదు" అని చెప్తారు. ఆ 9హెచ్ పెన్సిళ్లతో గీసి చూసే పరీక్ష కొలత. మోస్ కొలమానంలోని 9 కాదు. గోదావరి ఇసుక ముందు అది నిలవదు. మరి దండగా? కాదు. కోటింగ్ ఉన్న కారుకు మురికి తేలిగ్గా వదులుతుంది, తక్కువ రుద్దితే సరిపోతుంది, దాంతో గీతలు తగ్గుతాయి. కొబ్బరి చెట్ల కింద పార్క్ చేసేవాళ్లకు పక్షి రెట్టల నుంచి కాస్త వ్యవధి దొరుకుతుంది. ఉప్పు బోరు నీటి చుక్కలు మాత్రం కోటింగ్ మీదా దిగుతాయి, ఆ విషయం అమ్మేవాళ్లు చెప్పరు. వానాకాలంలో వేయించడం కూడా చిక్కే. గాలిలో తేమ ఎక్కువైతే కోటింగ్ తొందరగా పట్టేస్తుంది, మిగులు సమయానికి తుడవకపోతే మరకలు. పైగా మొదటి వారం తడవకూడదంటారు, ఆగస్టులో అమలాపురంలో అది ఎవరి తరం? పండగ అయ్యాక, జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో పెట్టుకోండి.

పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) వేరే లెక్క. అది మందమైన పాలీయురేథేన్ ఫిల్మ్, సన్నటి గీతలు పడితే వేడికి వాటంతట అవే కలిసిపోతాయి. గడ్డి ట్రాక్టర్ల నుంచి నిజంగా కాపాడేది ఇదొక్కటే. కారు మొత్తానికి ఖరీదు భరించడం కష్టం. బోనెట్ ముందు భాగానికి, హ్యాండిల్ గుంటలకు వేయించుకున్నా ప్రయోజనమే.

రెండూ వద్దనుకుంటే మంచి వాక్సో సీలెంటో చాలు. మూడు నాలుగు నెలలకోసారి చేత్తో పూసుకోవచ్చు.

మెషిన్ కొనాలా, షెడ్డుకివ్వాలా

ఇంట్లో రెండు మూడు కార్లుండి, ఆదివారం చేతులు ఊరుకోని మనుషులైతే డీఏ కొనుక్కోవచ్చు. హార్డ్‌వేర్ షాపులో చవగ్గా దొరికే రోటరీ చూసి మోజు పడకండి, ఆ ఆదా ఒక్క బోనెట్ పెయింటింగ్‌తో ఎగిరిపోతుంది. మెషిన్ కంటే ప్యాడ్ల మీద ఎక్కువ పెట్టండి. ఒక కారుకు కనీసం నాలుగైదు ప్యాడ్లు కావాలి. ఒకే ప్యాడ్‌తో కారంతా లాగితే అది పాలిష్‌తో నిండిపోయి వేడెక్కి చిరిగిపోతుంది. మొదటి ప్రయత్నం పాత డిక్కీ డోర్ మీదో, షెడ్డులో పారేసిన బోనెట్ మీదో చేయండి.

ఒక్క కారే ఉంటే షెడ్డుకే ఇవ్వండి, కానీ నాలుగు విషయాలు అడిగి ఇవ్వండి. ముందు మందం కొలిచే గేజి ఉందా అని. ఉందంటే "ఓసారి పెట్టి చూపించండి" అనండి. రోటరీ వాడతారా డీఏనా అని అడిగితే "మా దగ్గర మంచి మెషినండి, కంగారు పడకండి" అనే జవాబొస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి. కారు ఎలా కడుగుతారో కళ్లారా చూడండి. బకెట్లో బనీను గుడ్డ, పక్కన ఇసుక నేల కనిపిస్తే అక్కడ గీతలు తీసే పనికంటే పెట్టే పనే ఎక్కువ. చివరగా, డెలివరీ పగటిపూటే కావాలని, తీసుకునే ముందు బోనెట్ మీద ఒక జానెడు చోటు ఆల్కహాల్‌తో తుడిచి చూపించాలని ముందే చెప్పేయండి. ఈ మాట విన్నాక షెడ్డువాళ్ల మొహం ఎలా మారుతుందో గమనిస్తే సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది.

పాలిష్ అయిన కారును ఇంటికి తెచ్చాక డ్రైవరు చేతిలోని పొడి గుడ్డ, డిక్కీలోని ఈకల డస్టరు ముందు తీసేయించండి. రెండు బకెట్లు పెట్టుకుని, ఒకదాంట్లో షాంపూ, ఇంకోదాంట్లో కారు తోమే గ్లవ్ జాడించుకోవడానికి మామూలు నీళ్లు ఉంచుకోండి. ముందు పైపుతో దుమ్మంతా కొట్టేయండి. ఉప్పు బోరైతే ఆఖరి కడుగుడికి మాత్రం ఆర్వో ప్లాంటు నుంచి తెచ్చిన ఒక ఇరవై లీటర్ల టిన్ను వాడండి, కారు ఎండలో ఆరకముందే తుడిచేయండి. అప్పటికే తెల్ల చుక్కలు దిగి ఉంటే వెనిగర్‌లో సగానికి సగం నీళ్లు కలిపి, మెత్తటి గుడ్డతో అద్ది, నిమిషం ఆగి కడిగేయండి. అలా పోయిన చుక్కకు మళ్లీ మెషిన్ అక్కర్లేదు.